బటాట ఏ ఊరిది

4 సెప్టెంబర్ 1979

మా ఆయన షాపు నుంచి డైరీ తెచ్చిచ్చారు. పోయిన సంవత్సరానిది. అట్ట మీద ఎరువుల కంపెనీ బొమ్మ. తేదీలు కొట్టేసి రాసుకో అన్నారు. ఏం రాయాలి అంటే, నాతో కూడా మాట్లాడవు గదా, దీంతోనన్నా మాట్లాడు అన్నారు.

ఏడో తరగతి తర్వాత పెన్ను పట్టలేదు. ఇంతకే వేళ్లు నొప్పి.

5 సెప్టెంబర్

ఈ ఇంట్లో నా పేరు భాగీరథి కాదు. బటాట.

పెళ్లయి వచ్చిన మొదటి రోజు వంటింట్లోకి పోయి, అక్కా బటాటలు ఎక్కడున్నాయి అని అడిగాను. అక్క అంటే బావగారి భార్య అనంతమ్మక్క. అడిగింది ఎవరి ఇంట్లో? జహీరాబాద్ చుట్టుపక్కల అందరికంటే ఎక్కువ ఆలుగడ్డ పండించే ఇంట్లో. అక్క చేతిలో గిన్నె కింద పెట్టి అత్తమ్మను పిలిచింది. అత్తమ్మా, ఈ పిల్లకు బటాట కావాల్నంట, మనింట్ల ఉన్నయన్ని ఆలుగడ్డలే, బజారుకు మనిషిని తోలుదమా అంది. అత్తమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

మా అమ్మది ఉద్గీర్. మేం నారాయణఖేడ్‌లో ఉన్నా అమ్మ వంటింట్లో మాటలన్నీ మరాఠీవే. అది తప్పని నాకు తెలియదు.

అప్పటి నుంచి నోరు తెరిస్తే ఏది తప్పు వస్తుందోనని తెరవడం మానేశాను. మంచిపిల్ల, నోట్లో నాలుక లేదు అని పేరొచ్చింది.

11 సెప్టెంబర్

బావగారి గురించి రాయాలి. విరూపాక్ష బావగారు. మామగారు పోయాక ఇంటికి ఆయనే పెద్ద. మా వాళ్లలో తమ్ముడి భార్య బావకు ఎదురుపడదు. గొంతు వినబడనీయదు. అందుకని ఆయన బయటి నుంచి వస్తే గడప దగ్గర ఆగి దగ్గుతారు. నేను లోపలి గదిలోకి పోతాను. అప్పుడు లోపలికి వస్తారు. ఒక్కరోజు కూడా దగ్గడం మరువలేదు. అది ఆయన మర్యాద.

ఇన్ని నెలల్లో ఆయన దగ్గు నాకు బాగా తెలుసు. ముఖం సరిగా తెలియదు.

12 సెప్టెంబర్

వయోజన విద్య సెంటర్లు పెడుతున్నారట. ఆడవాళ్లకు మధ్యాహ్నం చదువు. మా వాడకట్టుకు ఒక టీచరమ్మ కావాలట. ఏడో తరగతి చాలట. ఈయన నాకు చెప్పకుండా నా పేరు ఇచ్చి వచ్చారు.

నేను మనుషులతో మాట్లాడలేను గదా అన్నాను. నాకు కావాలా వద్దా అని అడిగారు.

కావాలి. ఇంత కావాలని అడిగేదాకా నాకు తెలియదు.

13 సెప్టెంబర్

ఈయన తలవంచుకుని బావగారిని అడిగారు. బావగారు తమలపాకు తుడుస్తూ విన్నారట. తర్వాత వాకిట్లోకి వచ్చి, లోపల నాకు వినబడేటట్టు అక్కతో అన్నారు. మనింటి కోడలు గల్లీ గల్లీ తిరుగుడు లేదు, చెప్పేదుంటే మన రేకుల సాయబాన్ల చెప్పుమను, ఆడోళ్లు ఈడికే వస్తరు, నాకేం ఫికర్ లేదు అని. సాయబాన్ అంటే వాకిలి పక్కన రేకులు కప్పిన వసారా.

అక్క లోపలికొచ్చి, ఓ బటాటా, నీ మొక్కు తీరింది పో అంది.

19 సెప్టెంబర్

టీచరమ్మల ట్రైనింగ్ మూడో రోజు. మొదటి రెండు రోజులు నేను నోరు తెరవలేదు కాబట్టి రాయడానికి ఏమీ లేదు. ఇవాళ ఉంది.

అక్షరాలు వరసగా చెప్పొద్దట. ఆడవాళ్ల నోట్లో ఎప్పుడూ నానే మాట ఒకటి తీసుకోవాలట. దాని గురించి అందరితో మాట్లాడించాలట. తర్వాత దాన్ని అక్షరాలుగా విడదీయాలట. ఒక్కొక్కరు లేచి మీ మాట చెప్పండి అన్నారు. నీళ్లు, జొన్న, కూలి అని అందరూ చెప్పారు. నా వంతు వచ్చింది. ఇంట్లో రోజూ వినే మాట ఒకటే. బటాట అన్నాను.

నవ్వని వాళ్లు లేరు. ఝరాసంగం నుంచి వచ్చిన ఆమె, అమ్మా, నువ్వు మహారాష్ట్రల సెంటర్ పెడ్తవా ఏంది అంది.

నవ్వని మనిషి ఒకరు ఉన్నారు. మిషన్ దవాఖానలో పనిచేసే సిస్టర్ పిలార్. స్పెయిన్ దేశం ఆమెది. పిల్లల విరేచనాలకు ఉప్పు చక్కెర నీళ్లు కలపడం నేర్పడానికి వచ్చింది. ముసలామె. తెలుగు మెల్లగా మాట్లాడుతుంది గానీ అన్నీ వస్తాయి. ఆమె లేచి, ఎందుకు నవ్వుతరు, మా దేశంల కూడ పటాటా అనే అంటం అంది.

నవ్వు ఆగింది. నేను తల ఎత్తి ఆమెను చూశాను.

అదే రోజు, సాయంత్రం

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండ్ దాకా సిస్టర్ నాతో నడిచింది. ఆమె చెప్పిందంతా మరిచిపోకముందే రాస్తున్నాను.

ఆలుగడ్డ మొదట మన దేశంలోదీ కాదు, వాళ్ల దేశంలోదీ కాదు. సముద్రం అవతల అమెరికాది. అక్కడ దీవుల్లో ఉండేవాళ్లు చిలగడదుంపను బటాటా అనేవాళ్లు. అక్కడికి చాలా దూరంగా, పెద్ద పెద్ద కొండల మీద ఇంకో జాతి వాళ్లు ఉండేవాళ్లు. ఆలుగడ్డ వాళ్లది. వాళ్లు దాన్ని పాపా అనేవాళ్లు. స్పెయిన్ వాళ్లు ఓడల్లో పోయి రెండూ తెచ్చుకున్నారు. తెచ్చుకుని ఒకదాని పేరు ఇంకోదానికి కలిపేశారు. పాపాలో సగం, బటాటాలో సగం. పటాటా అయింది. పక్కనున్న పోర్చుగల్ వాళ్లు మాత్రం బటాటా అనే ఉంచుకున్నారు. గోవా వైపు ఓడలు తెచ్చింది వాళ్లే. మరాఠీ వాళ్లకు ఆ మాట అట్లా వచ్చింది.

అంటే మా అమ్మ వంటింట్లోకి.

సిస్టర్ ఇంకోటి చెప్పింది. వాళ్ల దేశంలో కూడా అందరూ పటాటా అనరట. ఆమెది దక్షిణం. అక్కడ పల్లెల్లో ఇప్పటికీ పాపా అనే అంటారట. పదిహేడేళ్లప్పుడు ఆమె సిస్టర్ అవుదామని పెద్ద పట్నం పోయిందట. మొదటి రోజు వంటింట్లో పాపాలు ఎక్కడ అని అడిగితే అందరూ నవ్వారట. చాలా రోజులు మాట్లాడలేదట.

తర్వాత ఎట్లా మాట్లాడారు అని అడిగాను. ఆకలైంది, అడిగిన అంది.

20 సెప్టెంబర్

చదువు రానివాళ్లను, ఏమీ అర్థం కానివాళ్లను స్పెయిన్‌లో ఏమంటారో సిస్టర్ చెప్పింది. వీడికి పాపా అంత కూడా తెలియదు అంటారట. మనం ఆవగింజంత అన్నట్టు. ఆలుగడ్డ అంత పెద్దగా ఉంటుంది గదా అంటే, మా దగ్గర తెలివి కూడ పెద్దదే అంది. నాకు నవ్వాగలేదు. బస్టాండ్‌లో జనం తిరిగి చూశారు.

3 అక్టోబర్

దసరా అయింది. సెంటర్ మొదలైంది. లాంతరు, పలకలు, నల్ల బోర్డు వచ్చాయి. మధ్యాహ్నం సాయబాన్ నిండింది. ఎంకమ్మ, దేవమ్మ, వాళ్ల వెంట ఇంకా చాలామంది. అందరూ పొలం పనికి పోయేవాళ్లు. నాకంటే పెద్దవాళ్లు.

లేచి నిలబడ్డాను. నీళ్లు అనే మాట రాద్దామని సుద్ద పట్టుకున్నాను. గడప దగ్గర దగ్గు వినబడింది.

లోపలికి పోయాను.

బావగారు చెంబు తీసుకుని పోయారు. మళ్లీ బయటికొచ్చాను. మాట అందుకునేలోపు మళ్లీ దగ్గు.

4 అక్టోబర్

ఇవాళ కూడా అంతే. బావగారికి చెడ్డ ఆలోచన లేదు. ఆయన ఇల్లు. ఆయన సాయబాన్ దాటితేనే బావి. దగ్గకుండా వస్తే తప్పు, దగ్గి వస్తే నా పాఠం పోతుంది. ఇంట్లోనే చెప్పుమను అన్నప్పుడు ఆయనకూ ఇది తోచలేదు, నాకూ తోచలేదు.

ఎంకమ్మ అంది, ఈ పంతులమ్మ గడియారం తీర్గ ఉన్నది, లోపలికి పోతది, బయటికొస్తది, టైం మాత్రం చెప్పది అని.

9 అక్టోబర్

ఆయన లేనప్పుడు కూడా గొంతు రావడం లేదు. గోడ అవతల ఉన్నారేమో అనిపిస్తుంది. గుసగుసగా చెబుతున్నాను. దేవమ్మ ముందుకు వంగి వంగి, అమ్మా, నువ్వు చెప్పేది చదువా, చాడీలా అంది.

16 అక్టోబర్

నలుగురే వచ్చారు.

23 అక్టోబర్

దీపావళి వెళ్లింది. సూపర్‌వైజర్ జగన్‌మోహన్ గారు లూనా మీద వచ్చారు. ఎంకమ్మ, దేవమ్మ ఇద్దరే ఉన్నారు. పాఠం చెప్పమన్నారు. చెప్పాను. నాకే వినబడలేదు.

ఆయన కోపపడలేదు. అది ఇంకా బాధ. చూడమ్మా, మొగుడంపల్లోల్లు సెంటర్ కావాలని నా చుట్టు తిరుగుతున్నరు, నేను మల్ల వచ్చేసరికి గిట్లనే ఉంటే బోర్డు, పలకలు ఎత్తుకపోవాల్సి వస్తది, మనసుల పెట్టుకోకు అన్నారు.

ఈయనతో చెప్పాను. బావతో మాట్లాడనా అన్నారు. వద్దన్నాను. ఏమని మాట్లాడతారు? మీ ఇంట్లో మీరు తిరగొద్దనా?

24 అక్టోబర్

పోతే పోనీ అనుకుందామని చూశాను. అనుకోలేకపోయాను.

2 నవంబర్

విత్తనం వచ్చింది. ఆగ్రా నుంచి లారీలో ఆలుగడ్డ బస్తాలు. వాకిలంతా తడి మట్టి వాసన. రేపు విత్తనం గడ్డలను ముక్కలుగా కోయాలి. వాడకట్టు ఆడవాళ్లంతా కూలికి మా ఇంటికే. ఇక సెంటర్‌కు ఎవరూ రారు. రేపు ఒక్కరోజు సూపర్‌వైజర్ రాకుంటే చాలు.

3 నవంబర్, సాయంత్రం

వచ్చారు.

మొదటి నుంచి రాస్తాను.

పొద్దున్నే బస్తాలు కుమ్మరించారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కోస్తున్నారు. ప్రతి ముక్కకూ రెండు కళ్లయినా ఉండాలి. కన్ను లేని ముక్క మొలవదు. కోసిన ముక్కను బూడిదలో దొర్లించి పక్కకు పెట్టాలి. నేనూ కొంగు తల మీదికి లాక్కుని, బావగారికి వీపు పెట్టి ఒక మూల కూర్చున్నాను. బావగారు కుప్ప చుట్టూ తిరుగుతూ ముక్కలు తీసి చూస్తున్నారు. ఎంకమ్మా, ఇది గుడ్డిది, దీన్ని నీ ఇంటికి తీస్కపోయి కూర వండుకో అంటున్నారు. ఎంకమ్మ, గట్లనే పది గుడ్డివి చూడు దొరా, చుట్టాలొచ్చిన్రు అంటోంది.

లూనా చప్పుడు.

జగన్‌మోహన్ గారు సాయబాన్ చూశారు. ఖాళీ. బోర్డు గోడకు ఆనించి ఉంది. క్లాసు టైం గదా అన్నారు. బావగారు, ఇయ్యాల క్లాసు ఎక్కడిదయ్యా, విత్తనం ఆగుతదా, ఇయ్యాల కోసి ఆరబెడ్తేనే ఎల్లుండి నాటుడు అన్నారు. జగన్‌మోహన్ గారు తలూపి జేబులో పెన్ను తీశారు. నడుస్తలేదని రాస్త మరి, నేనేం చెయ్యాలె అన్నారు.

అప్పుడు ఎంకమ్మ తల ఎత్తకుండా, కోస్తూనే అంది. మా చేతులు పనిల ఉన్నయ్ గని సారూ, చెవులు ఖాళీగనే ఉన్నయ్, ఆ అమ్మను చెప్పుమను అని.

చాకులు ఆగాయి. అందరూ నన్ను చూస్తున్నారు. వీపు వెనకాల బావగారు దగ్గారు.

లోపలికి పోవాలి. కాళ్లు కూడా లేవబోయాయి. లేస్తే మొగుడంపల్లి. అంతే అనుకున్నాను. చేతిలో కోసిన గడ్డ ఉంది. దాని తడి ముఖాన్ని వాకిలి షాబాద్ బండ మీద రుద్దాను. ఒక గీత. దాన్ని వంచాను. బ రాశాను. తర్వాత టా, ట. ఎండకు ఆ తడి ఆరిపోతూ తెల్లగా తేలింది. సుద్ద కంటే బాగా.

బటాట ఏ ఊరిదో మీకు తెలుసా అన్నాను.

నా గొంతే. గట్టిగా వచ్చింది. బావి దగ్గర కుక్క లేచింది.

అక్క గడపలో నుంచి, ఇంకే ఊరిది, మీ ఉద్గీర్‌దే అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఉద్గీర్ దాని మేనత్త ఊరు అక్కా, పుట్టిన ఊరు వేరే అన్నాను.

బావగారు మళ్లీ దగ్గారు. ఈసారి పెద్దగా. విన్నాను. ఆగలేదు.

దీవుల సంగతి చెప్పాను. అక్కడ చిలగడదుంపను బటాటా అనేవాళ్లని, కొండల మీది వాళ్లు ఆలుగడ్డను పాపా అనేవాళ్లని చెప్పాను. స్పెయిన్ వాళ్లు రెండింటినీ ఓడెక్కించారు, ఇంటికి తెచ్చాక మనం కోడలికి పేరు మార్చినట్టు దీనికి పేరు మార్చారు అన్నాను. దేవమ్మ చాకు కింద పెట్టింది. నా పేరు గూడ గట్లనే మార్చిన్రమ్మా, మా అవ్వ పెట్టింది శివలింగి, ఇప్పుడు ఆ పేరుతోని పిలిస్తె నేనే పలకను అంది. ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరి పాత పేరు వాళ్లు చెప్పుకున్నారు. చేతులు మాత్రం ఆగలేదు. ముక్కలు బూడిదలో పడుతూనే ఉన్నాయి.

ఓడ దిగాక దీనికి ఇంకా పేర్లు వచ్చాయి అన్నాను. మరాఠీ వాళ్లు బటాట అన్నారు, మనం ఆలుగడ్డ అన్నాం, ఆంధ్రా పుస్తకాల్లో బంగాళాదుంప అని ఉంటుంది. అన్నీ ఒకటే గడ్డ. ఎంకమ్మ ఒక గడ్డను చేతిలో తిప్పి చూసి, పాపం, ఇన్ని అత్తగారిండ్లు తిరిగినావే, అందుకే ఒళ్లంత కండ్లు పెట్టుకున్నవ్ అంది.

జగన్‌మోహన్ గారు బస్తా మీద కూర్చుని నవ్వుతున్నారు. లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో తెలియదు. అక్షరాలు ఒక్కొక్కటి చూపించాను. ఇది బ. అందరూ బ అన్నారు. వేలితో బూడిదలో రాయమన్నాను. బూడిద గంపలన్నీ పలకలయ్యాయి. దేవమ్మ రాసిన బ పడుకున్నట్టు వచ్చింది. వంగి ఆమె చేయి పట్టి ఆ అక్షరాన్ని లేపాను.

లేచి తిరిగేసరికి బావగారు ఎదురుగా ఉన్నారు. కొంగు జారి భుజం మీద ఉంది. ఆయన ముఖం మొదటిసారి సరిగా చూశాను. మా ఆయన ముఖమే. కొంచెం అలసింది.

ఆయన పక్కకు తిరిగి అక్కతో అన్నారు. అనంతమ్మా, జర అడుగు, ఆ కొండల మీది వాళ్లు కోసి నాటుతరా, గడ్డకు గడ్డనే నాటుతరా అని.

అక్క నా వైపు చూసింది. అక్కకు చెప్పి, అక్క ఆయనకు చెప్పాలి. అది పద్ధతి.

తెల్వదు బావా, సిస్టర్‌ను అడిగి చెప్త అన్నాను.

ఆయనకే చెప్పాను.

ఆయన చేతిలో ఉన్న ముక్కను చూసుకున్నారు. అడిగి చెప్పు అన్నారు. అని బావి వైపు పోయారు.

జగన్‌మోహన్ గారు పెన్ను తీసి రాశారు. మొగుడంపల్లోల్లకు వేరే సెంటర్ చూస్త, ఇది ఈడనే ఉంటది అన్నారు. ఎంకమ్మ, సార్, కూలి పని చేసుకుంట చదువుకున్నం, రేపటి క్లాసుకు సెలవా అంది. సెలవు లేదన్నాను. నేనే అన్నాను.

4 నవంబర్

రాత్రంతా అనుకున్నాను, పొద్దున ఏదో అంటారని. ఎవరూ ఏమీ అనలేదు. అత్తమ్మ మాత్రం నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసి, గంత గట్టిగ ఒర్లినవ్, తిను అంది.

అక్క చాటుగా చెప్పింది. మీ బావ నిన్న పండుకునేటప్పుడు నవ్విండే, ఉద్గీర్ మేనత్త ఊరట అనుకుంట నవ్విండు, నా పెండ్లయి ఇన్నేండ్లాయె, గట్ల నవ్వంగ నేను చూడలే అని. తర్వాత ఆగి, భాగీ, ఆ టా ఎట్ల రాస్తరు అని అడిగింది.

భాగీ అంది.

5 నవంబర్

నాటుడు. అందరూ పొలంలో. సాయంత్రం చేతులు కడుక్కుని వాళ్లే క్లాసుకు వచ్చారు. సాయబాన్ నిండి గడప దాకా కూర్చున్నారు.

12 నవంబర్

సిస్టర్ పిలార్‌ను కలిశాను. జరిగిందంతా చెప్పాను. బస్టాండ్ బెంచీ మీద నా రెండు చేతులు పట్టుకుని ఊపింది. ఆ కొండల్లో పనిచేసి వచ్చిన సిస్టర్ ఒకామె తనకు తెలుసు అంది. అక్కడ చిన్న గడ్డలు ఏరి, కోయకుండా అట్లాగే నాటడం ఆమె చూసిందట.

ఇంటికొచ్చాక బావగారు గడప దగ్గర దగ్గారు. నేను లోపలికి పోలేదు. స్తంభం పక్కన నిలబడి చెప్పాను. గడ్డకు గడ్డనేనా అన్నారు. అవును బావా, చిన్నవాటినే అన్నాను. విత్తనం మస్తు పడ్తది గదా మరి అన్నారు. కుళ్లిపోయేది తక్కువ ఉంటుందేమో అన్నాను. ఆలోచించుకుంటూ చెంబు తీసుకుని పోయారు.

ఇద్దరం చాలా మామూలుగా మాట్లాడాం. లోపలికి వచ్చాక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఈయన చూసి ఏమైంది అన్నారు. ఏమీ కాలేదు, అదే అన్నాను.

19 నవంబర్

దేవమ్మ ఇవాళ పలక మీద శివలింగి అని రాసింది. ఒత్తులు లేని పేరు. వాళ్ల అవ్వ ఎంత తెలివైందో.

30 నవంబర్

పొలం పోయాం, మొలక చూడటానికి. మొదటి మడి ఇంటి పెద్ద ఒక్కడే తన చేత్తో నాటాలి. ఇంకెవరూ దిగరు.

మిగతా మళ్లన్నీ సాలు సాలుగా మొలిచాయి. ఆ మడిలో సాలు లేదు. పచ్చగా బ మొలిచింది. పక్కన ట. దాని పక్కన ఇంకో ట.

బావగారు చదివింది ఉర్దూ, తెలుగు అక్షరం రాదు.

నడిమి ట కు దీర్ఘం మరిచారు. రేపు చెప్పాలి.